బ్యాటరీ కడుపులోని ద్రవం - రెండు వందల ఏళ్ళ కథ



ఈ ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి కావాలని సంపాదకవర్గం వారు కోరారు. చరిత్ర అనగానే రాజులు, కోటలు, శాసనాలు గుర్తుకు రావడం సహజం. నేను మాత్రం మనందరి ఇళ్ళలోనూ ఉన్న ఒక వస్తువు చరిత్ర రాయదలచాను. అది బ్యాటరీ. మెట్ల కింద ఇన్వర్టరు బ్యాటరీ, జేబులో సెల్‌ఫోను బ్యాటరీ, వాకిట్లో మనవడి ఎలక్ట్రిక్ స్కూటరు బ్యాటరీ. వీటిలో ఒక్కటైనా లేని పెన్షనరు ఇల్లు నేడు మన నందికొట్కూరులో కనబడదు.

కొనేటప్పుడు కంపెనీ పేరు అడుగుతాం, ధర అడుగుతాం, గ్యారంటీ ఎన్నేళ్ళని అడుగుతాం. లోపల ప్లేట్ల మధ్య ఏముందని అడిగేవారు తక్కువ. నిజానికి బ్యాటరీ ఎన్ని వోల్టులు ఇవ్వగలదు, ఎన్నేళ్ళు బతుకుతుంది, ఎండకు తట్టుకుంటుందా, నిప్పు అంటుకుంటుందా అనే ప్రశ్నలన్నిటికీ సగం జవాబు ఆ మధ్యనున్న ద్రవంలోనే ఉంది. మన పాఠ్యపుస్తకాలలో దీనినే విద్యుద్విశ్లేష్యం అన్నారు. ఇంగ్లీషులో ఎలక్ట్రోలైట్ అంటారు.

నా సర్వీసంతా టెలిఫోన్ శాఖలో గుమాస్తాగా గడిచింది. నేను ఇంజనీరును కాను. కాకపోతే బ్యాటరీ గది రిజిస్టర్లు, ఆసిడ్ ఇండెంట్లు, డిస్టిల్డ్ వాటరు లెక్కలు ముప్పై ఏళ్ళకు పైగా నా బల్ల మీదుగా నడిచాయి. ఆ పరిచయంతోనూ, రిటైరైన తరువాత తీరికగా చదువుకున్న చదువుతోనూ ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఉప్పునీటితో మొదలు

1800 సంవత్సరం మార్చి 20వ తేదీన ఇటలీ దేశస్థుడైన అలెస్సాండ్రో వోల్టా లండనులోని రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు ఒక ఉత్తరం రాశాడు. వెండి బిళ్ళ, జింకు బిళ్ళ ఒకదానిమీద ఒకటి పెట్టి, వాటి మధ్య ఉప్పునీటిలో తడిపిన గుడ్డో అట్టో ఉంచి, అలా దొంతరగా పేర్చుకుంటూ పోతే ఎడతెగని విద్యుత్తు వస్తుందని అందులోని సారాంశం. ప్రపంచంలో మొదటి బ్యాటరీ అదే. అందులోని ఉప్పునీరే మొదటి విద్యుద్విశ్లేష్యం.

ఆ గుడ్డ ఆరిపోతే బ్యాటరీ చచ్చిపోయేది. బిళ్ళలు ఎక్కడివక్కడే ఉన్నా విద్యుత్తు మాత్రం వచ్చేది కాదు. దీనికి కారణం తరువాతివారు వివరించారు. బయట తీగగుండా పోయేవి ఎలక్ట్రాన్లు. లోపల ద్రవంగుండా పోయేవి అయాన్లు. ద్రవం అయాన్లను ధారాళంగా పోనివ్వాలి, ఎలక్ట్రాన్లను మాత్రం చచ్చినా పోనివ్వకూడదు. ఈ రెండు పనులూ ఒకేసారి చేయగల ద్రవం దొరకడమే కష్టం. 1834లో మైకేల్ ఫారడే ఈ ద్రవాలకు ఎలక్ట్రోలైట్ అనీ, అందులో నడిచే కణాలకు అయాన్లనీ పేర్లు పెట్టాడు.

వోల్టా బ్యాటరీ ఒకసారి అయిపోతే అయిపోయినట్టే. మళ్ళీ మళ్ళీ ఛార్జి చేసుకోగల మొదటి బ్యాటరీని 1859లో ఫ్రాన్సు దేశస్థుడు గాస్టన్ ప్లాంటే తయారుచేశాడు. రెండు సీసపు రేకులు, మధ్యలో నీళ్ళు కలిపిన గంధకామ్లం. అంతే. 1881లో కామిల్ ఫోర్ అనే ఆయన సీసపు చట్రానికి సీసపు ఆక్సైడు ముద్ద పూసి ప్లేట్లు చేసే పద్ధతి కనిపెట్టాక ఇది ఫ్యాక్టరీ సరుకైంది. మన ఇన్వర్టరు బ్యాటరీ ప్లాంటే బ్యాటరీకి మునిమనవడు. 160 ఏళ్ళు దాటినా ఆ ఆసిడ్ మారలేదు.

ఇక్కడే లెక్లాంషే గురించీ ఒక మాట చెప్పాలి. 1866లో ఆయన చేసిన సెల్లులో నవాసారం కలిపిన నీరు వాడాడు. మన పల్లెల్లో నాటుసారా కాచేవాళ్ళు బెల్లపు ఊటలో వేసే నవాసారమే. అదే ద్రవాన్ని ముద్దగా చేసి డబ్బాలో మూస్తే టార్చిలైటు సెల్లు అయింది. మన నెల్లూరు వారి నిప్పో సెల్లు ఆ వంశానిదే. అయితే అది తిరిగి ఛార్జి అయ్యే జాతి కాదు గనుక దానిని అంతటితో వదిలిపెడుతున్నాను.

బ్యాటరీ గదిలో నాడి చూడడం

మా కాలంలో ప్రతి టెలిఫోన్ ఎక్స్ఛేంజికీ ఒక బ్యాటరీ గది ఉండేది. కరెంటు పోయినా ఫోను మోగాలంటే 48 వోల్టులు నిరంతరం ఉండాలి. సెల్లు ఒక్కింటికి 2 వోల్టుల లెక్కన 24 సెల్లులు వరుసగా పేర్చేవారు. గది తలుపు తీయగానే ముక్కు మండించే ఆసిడ్ వాసన వచ్చేది. లోపల బీడీ, అగ్గిపెట్టె నిషిద్ధం. ఎందుకంటే ఛార్జి ఎక్కువైనప్పుడు నీరు విడిపోయి హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులు బయటికొస్తాయి. నిప్పురవ్వ తగిలితే పేలుతుంది.

టెక్నీషియను హైడ్రోమీటరుతో సెల్లులోని ద్రవం సాంద్రత చూసి రిజిస్టరులో రాసేవాడు. అన్నింటికీ ప్రతినిధిగా ఒక పైలట్ సెల్లు ఉండేది. నిండుగా ఛార్జి అయితే 1200కు కాస్త అటూఇటూ అంకె కనబడేది. వాడినకొద్దీ అది దిగిపోయేది. ఆ అంకెలు నకలు తీసి పై ఆఫీసుకు పంపడం నా పని. కొత్తలో "ఈ 1200 ఏమిటయ్యా?" అని మా సీనియర్ టెక్నీషియనును అడిగితే, "మనిషికి నాడి ఎట్లనో సెల్లుకు ఇది అట్ల సార్. ప్లేట్లు కంటికి కనబడవు, ఆసిడే చెబుతుంది" అన్నాడు.

ఆయన చెప్పింది అక్షరాలా శాస్త్రం. సీసం బ్యాటరీలో ద్రవం కేవలం దారి చూపేది కాదు, స్వయంగా పనిలో పాల్గొంటుంది. బ్యాటరీ ఖర్చవుతున్నకొద్దీ గంధకామ్లం రెండు ప్లేట్లకూ అంటుకుని సీసపు సల్ఫేటుగా మారుతుంది, మిగిలిన ద్రవం నీళ్ళవుతుంది. ఛార్జి చేస్తే ఆమ్లం తిరిగి ద్రవంలోకి వస్తుంది. అందుకే సాంద్రత చూస్తే ఎంత శక్తి మిగిలిందో తెలుస్తుంది.

ఆ ఆసిడ్ ఎంత చిక్కగా ఉండాలన్నది కూడా ఒక లెక్కే. చలిదేశాలలో వాహనాల బ్యాటరీకి 1280 పోస్తారు. పలుచనైతే అక్కడ గడ్డకడుతుంది. మనలాంటి ఎండదేశాలలో 1240 చాలంటారు. చిక్కనైతే వేడికి ప్లేట్ల చట్రం త్వరగా తినేస్తుంది. అనగా ఆసిడ్ కలపడంలోనే ఆ ప్రాంతపు వాతావరణం ఇమిడి ఉంది. ఇక నీటి విషయం. ఒకానొక కార్యాలయంలో, పేరు అనవసరం, డిస్టిల్డ్ వాటరు సరఫరా ఆలస్యమైందని కొళాయినీళ్ళు పోశారు. నీటిలోని లవణాలు పట్టి ఏళ్ళ తరబడి రావలసిన సెట్టు అర్ధాంతరంగా పాడైపోయింది. దానిపై జరిగిన ఉత్తరప్రత్యుత్తరాల ఫైలు మాత్రం బ్యాటరీ కన్నా ఎక్కువకాలం బతికింది.

ఆ రోజుల్లో ఊళ్ళలో కూడా ఈ ఆసిడ్ బ్యాటరీయే దిక్కు. పెళ్ళి ఊరేగింపుల్లో మైకుసెట్టుకు, కరెంటు లేని పల్లెల్లో రేడియోకు అదే ఆధారం. 1987, 88 ప్రాంతంలో ఆదివారం ఉదయం రామాయణం సీరియలు వేళకు కరెంటు పోతే ట్రాక్టరు బ్యాటరీ ఊడదీసి టీవీకి తగిలించిన ఇళ్ళు మన తాలూకాలో ఎన్నో ఉన్నాయి.

ఆమ్లానికి బదులు క్షారం

1899లో స్వీడను దేశపు వాల్డెమార్ యుంగ్నెర్ నికెల్-కాడ్మియం బ్యాటరీ చేశాడు. ఆ తరువాత రెండేళ్ళకే అమెరికాలో ఎడిసన్ నికెల్-ఇనుము బ్యాటరీ తెచ్చాడు. ఇద్దరూ ఆమ్లాన్ని వదిలి పొటాషియం హైడ్రాక్సైడు అనే క్షారాన్ని పట్టుకున్నారు. ఇందులో ద్రవం దాదాపు ఖర్చు కాదు. అయాన్లను అటూఇటూ దాటించే పడవలాంటిది. కాబట్టి హైడ్రోమీటరు పెట్టి ఛార్జి చూద్దామంటే కుదరదు. ఎడిసన్ తన ద్రవంలో కొద్దిగా లిథియం హైడ్రాక్సైడు కలిపితే బ్యాటరీ శక్తి, ఆయుష్షు పెరుగుతున్నాయని గమనించి పేటెంటు తీసుకున్నాడు. ప్లేట్లను ముట్టుకోకుండా ద్రవంలో చిటికెడు మందు కలిపి బ్యాటరీని బాగుచేయవచ్చని అది రుజువు చేసింది. నేడు ప్రపంచమంతా చేస్తున్నది ఆ పనే.

ఈ క్షార బ్యాటరీల విద్యను మన తెలుగు గడ్డమీద నిలబెట్టినది 1977లో హైదరాబాద్ బ్యాటరీస్ పేరుతో మొదలైన, తరువాత హెచ్.బి.ఎల్.గా ప్రసిద్ధమైన సంస్థ. విమానాలకు, రైల్వేలకు, రక్షణశాఖకు కావలసిన నికెల్-కాడ్మియం, వెండి-జింకు బ్యాటరీలు అక్కడ తయారయ్యాయి.

మూత పడిన డబ్బా

నీళ్ళు పోసే పని తప్పించాలని ఇంజనీర్లు చాలాకాలం కష్టపడ్డారు. 1957లో జర్మనీలో ఒట్టో యాఖె గంధకామ్లాన్ని జెల్లీలాగా గట్టిపరిచాడు. 1970 తరువాత అమెరికాలో సన్నని గాజునూలు చాపలో ఆసిడ్‌ను పీల్పించి ప్లేట్ల మధ్య పెట్టారు. చాపలో మిగిలిన సందులగుండా ఒక ప్లేటు దగ్గర పుట్టిన ఆక్సిజన్ రెండవ ప్లేటు చేరి మళ్ళీ నీరైపోతుంది. డబ్బా మూసివేయవచ్చు. నీళ్ళు పోయనక్కరలేదు.

అమెరికాలో ఇంజనీరుగా పనిచేసి తిరిగివచ్చిన గల్లా రామచంద్రనాయుడు గారు 1985లో స్థాపించిన అమరరాజా సంస్థ తిరుపతి దగ్గర కరకంబాడిలో ఈ మూత బ్యాటరీలను తయారుచేసి టెలిఫోన్ శాఖకు, రైల్వేలకు ఇచ్చింది. 1990ల దశాబ్దంలో ఎక్స్ఛేంజీలకు నల్లటి మూత బ్యాటరీలు వచ్చాయి. ఆసిడ్ వాసన పోయింది. డిస్టిల్డ్ వాటరు ఇండెంటు పోయింది. హైడ్రోమీటరు బీరువాలోకి వెళ్ళింది.

సౌకర్యం నిజమే. కాని దానితోపాటు నాడి చూసే వీలు కూడా పోయిందని మనం గమనించాలి. మూత బ్యాటరీలో ద్రవం కొలతబద్ధంగా ఉంటుంది. వేడికి ఆరిపోతే తిరిగి పోయడానికి దారి లేదు. ఉష్ణోగ్రత ఓ పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు ఇంచుమించు సగమవుతుందని లెక్క. ఇక ద్రవం సంగతి చూసుకోవలసిన బాధ్యత వాడేవాడి చేతినుండి తయారుచేసేవాడి చేతికి పోయింది.

నీరు పనికిరాని చోట

ఇంతవరకు చెప్పిన ద్రవాలన్నిటిలోనూ నీరు ఉంది. నీటికి ఒక హద్దు ఉంది. శాస్త్రం ప్రకారం 1.23 వోల్టులు దాటితే నీరు విడిపోవాలి. సీసం మీద వాయువులు మెల్లగా పుడతాయి కాబట్టి 2 వోల్టులదాకా లాగగలిగాం. అంతకుమించి నీటితో కుదరదు. ఎక్కువ శక్తి కావాలంటే తేలికైన లోహం లిథియం కావాలి. లిథియానికీ నీటికీ పడదు. తగిలితే మండుతుంది.

కాబట్టి నీరులేని ద్రవం వెతకవలసివచ్చింది. 1958లో కాలిఫోర్నియాలో విలియం హారిస్ అనే విద్యార్థి ప్రొపిలీన్ కార్బొనేటు వంటి ద్రవాలలో లిథియం నిలబడుతుందని తన పరిశోధనలో చూపాడు. 1970లలో స్టాన్లీ విట్టింగ్‌హామ్, 1980లో జాన్ గుడినఫ్, 1985లో జపానులో అకిరా యోషినో ఒక్కొక్క మెట్టు ఎక్కారు. 1991లో సోనీ కంపెనీ లిథియం-అయాన్ బ్యాటరీని అంగడికి తెచ్చింది. ఈ ముగ్గురికీ 2019లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ కథలో అందరికీ తెలియని మలుపు ఒకటి ఉంది. రుణ ప్లేటుకు చవకైనది, మంచిది గ్రాఫైటు. మన పెన్సిలులో ఉండేదే. కాని ప్రొపిలీన్ కార్బొనేటు ద్రవంలో పెడితే గ్రాఫైటు పొరలు పొరలుగా ఊడి పొడైపోయేది. యోషినో అందుకే పెట్రోలియం కోకుతో సరిపెట్టుకున్నాడు. 1990లో కెనడాలో జెఫ్ డాన్ బృందం ఇథిలీన్ కార్బొనేటు కలిపితే గ్రాఫైటు చెక్కుచెదరదని చూపింది. ఈ రెండు ద్రవ్యాలకూ తేడా ఒకే ఒక కర్బన పరమాణువు, దానికి తగిన రెండు హైడ్రోజన్లు. అంత చిన్న తేడా దగ్గర ఇంత పెద్ద పరిశ్రమ ఆగి ఉంది.

కారణం ఏమిటంటే, మొదటిసారి ఛార్జి చేసినప్పుడు ఇథిలీన్ కార్బొనేటు కొంచెం విరిగి గ్రాఫైటు మీద పలుచని పొర కడుతుంది. ఆ పొర లిథియం అయాన్లను పోనిస్తుంది, ద్రవాన్ని మాత్రం ఇక తాకనివ్వదు. ఇది అర్థం కావాలంటే మన ఆడవాళ్ళు కొత్త దోసెపెనానికి నూనె పట్టించడం తలచుకోండి. మొదటి ఒకటి రెండు దోసెలు పోతాయి. పెనానికి పొర పట్టాక అంటుకోదు. ఆ పొర గీచి పారేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. బ్యాటరీలో కూడా మొదటి ఛార్జిలో కొంత లిథియం ఆ పొరకు ఖర్చవుతుంది. పొర మంచిదైతే బ్యాటరీ ఏళ్ళ తరబడి బతుకుతుంది.

ఇథిలీన్ కార్బొనేటుకు ఒక లోపం ఉంది. 36 డిగ్రీల దాకా అది గడ్డగానే ఉంటుంది. మన నందికొట్కూరు ఏప్రిల్ ఎండకు దానంతట అదే కరుగుతుంది గాని ఇతర దేశాలలో అలా కుదరదు గదా! అందుకని డైమిథైల్ కార్బొనేటు వంటి పలుచని ద్రవాలు కలిపారు. అందులో లిథియం హెక్సాఫ్లోరోఫాస్ఫేటు అనే లవణం కరిగించారు. పొర బాగా కట్టడానికి కొద్దిపాటి వినైలీన్ కార్బొనేటు వంటి మందులు చేర్చారు. నేడు ద్రవం తయారుచేయడమంటే వైద్యుడు చీటీ రాసినట్టు. దేనికి ఏది ఎంత అన్నదే కంపెనీల రహస్యం.

అదే ద్రవం, అదే నిప్పు

ఈ పలుచని ద్రవాలు పెట్రోలు వలె మండే స్వభావం గలవి. ఆ లవణానికి తడి తగిలితే విషపూరితమైన హైడ్రోజన్ ఫ్లోరైడు పుడుతుంది. 60 డిగ్రీలు దాటితే ఈ చెడిపోవడం వేగమవుతుంది. 80 నుంచి 120 డిగ్రీల మధ్య నేను పైన చెప్పిన పొర విరగడం మొదలవుతుంది. పొర విరిగితే వేడి పుడుతుంది, వేడికి మరింత విరుగుతుంది. ఇక ఆపడం కష్టం.

ఇది మన ఇంటి సంగతి కూడా. 2022 ఏప్రిల్‌లో నిజామాబాదులో రాత్రివేళ ఇంట్లో స్కూటరు బ్యాటరీ పేలి 80 ఏళ్ళ పెద్దాయన మరణించారు. మన ఈడువారే. అదే నెలలో విజయవాడలో పడకగదిలో ఛార్జింగు పెట్టిన బ్యాటరీ పేలి ఒకరు చనిపోయారు. ఆ సెప్టెంబరులో సికింద్రాబాదులో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమున్న భవనంలో మంటలు లేచి పై అంతస్తుల హోటలులో 8 మంది బలయ్యారు. ఆ ఏడాది ప్రమాదాల తరువాత కేంద్ర ప్రభుత్వం ఏఐఎస్-156 అనే భద్రతా ప్రమాణాన్ని కఠినం చేసి 2022 డిసెంబరు, 2023 మార్చి నెలల నుంచి రెండు విడతలుగా అమలు చేసింది.

కావున సభ్యులకు నా మనవి. స్కూటరు బ్యాటరీని పడకగదిలో, గడప దగ్గర, మెట్ల దారిలో ఛార్జి పెట్టకండి. దారికి అడ్డంగా మంట లేస్తే ముసలివాళ్ళం బయటపడలేం. ఎండలో తిరిగివచ్చిన బ్యాటరీని చల్లారనిచ్చి తరువాత ఛార్జి చేయండి. దానితో ఇచ్చిన ఛార్జరే వాడండి. ఉబ్బిన బ్యాటరీని ఇంట్లో ఉంచకండి. ఇన్వర్టరుకు డిస్టిల్డ్ వాటరు తప్ప మరొకటి పోయకండి. పాత సీసం బ్యాటరీని ఆసిడ్ మురికికాలువలో పారబోసి సీసం కరిగించేవాడికి అమ్మకండి. ఆ సీసం పసిపిల్లల మెదడుకు విషం. పాతది వెనక్కి తీసుకునే ఏర్పాటు 2001 నాటి నియమాలలోనే ఉంది. 2022లో వచ్చిన కొత్త నియమాలు అన్ని రకాల బ్యాటరీలకూ వర్తిస్తాయి.

మన ఎండ, ఎవరి ద్రవం?

చివరగా మన ప్రాంతం మాట. గడివేముల, ఓర్వకల్లు మండలాల్లోని గని, శకునాల గ్రామాల దగ్గర 1000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు 2017లో పూర్తయింది. సజ్జ, జొన్న, కంది పండిన మెట్టభూముల పక్కనే ఇప్పుడు అద్దాల పలకలు కనబడుతున్నాయి. పగలు పుట్టిన ఈ కరెంటును రాత్రికి దాచాలి. పాణ్యం మండలం పిన్నాపురంలో నీటిని పైకి ఎక్కించి దాచే పథకానికి 2022 మేలో శంకుస్థాపన జరిగింది. అది కొండంత బ్యాటరీ. ఇంటికీ, బండికీ కావలసింది చిన్న బ్యాటరీ.

ఆ చిన్న బ్యాటరీ కోసం మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రయత్నాలు మొదలయ్యాయి. 2022 సెప్టెంబరులో తిరుపతిలో మునోత్ సంస్థ లిథియం సెల్లుల ఫ్యాక్టరీ ప్రారంభమైంది. 2023 మేలో మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో అమరరాజా వారు 9,500 కోట్ల రూపాయల పథకానికి పునాది వేశారు. మన పొరుగున కారైకుడిలో 1953 నుంచి పనిచేస్తున్న కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధనాలయం ఉంది. ద్రవాన్నే తీసివేసి మండని ఘనపదార్థం పెట్టాలని, లిథియం బదులు సోడియం వాడాలని దేశదేశాల్లో పరిశోధనలు సాగుతున్నాయి.

అయినా మన దేశం వాడే లిథియం సెల్లుల్లో అధికభాగం దిగుమతి సరుకే. వాటి లవణం ఎక్కువగా చైనాలో తయారవుతున్నది. చలిదేశం వాడి ఎండకు తగ్గట్టు కలిపిన ద్రవాన్ని 45 డిగ్రీల మన ఎండలో తెచ్చిపెట్టుకుంటే, పూర్వం 1280 ఆసిడ్ మన లారీలో పోసినట్టే అవుతుంది. మన ఎండకు తగిన ఆసిడ్ 1240 అని ఒకనాడు తేల్చుకున్నాం. మన ఎండకు తగిన లిథియం ద్రవం ఏదో కూడా మన పిల్లలే తేల్చుకోవాలి. కర్నూలులోనో, నంద్యాలలోనో రసాయనశాస్త్రం చదువుతున్న మనవళ్ళు, మనవరాళ్ళు మీ ఇళ్ళలో ఉంటే, సాఫ్ట్‌వేరు తప్ప చదువు లేదనుకోవద్దని, ఒక కర్బన పరమాణువు తేడాతో ప్రపంచం మారిన ఈ కథ వారికి చెప్పమని కోరుతున్నాను.